కత్తి లేని కాపలా

తుఫాను కబురు వచ్చిందంటే రేవు పెద్ద సరంగు చేసే మొదటి పని రేవులో ఉన్న కత్తులన్నీ పోగు చెయ్యడం. పడవలన్నీ లోపలికి వచ్చాయా, ఇళ్ళల్లో ముసలీ ముతకా మేడ మీదికి చేరారా అన్నవి ఆ తర్వాతి సంగతులు. వల కత్తి, చేపలు కోసే కత్తి, వంట కత్తి, గొడ్డలి, ఆఖరికి గడ్డం గీసుకునే బ్లేడు కూడా ఆయన చూపు దాటేది కాదు. అన్నీ ఒక ఇనప్పెట్టెలో పడేసి, వలల షెడ్డులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బెల్టుకి తగిలించుకునేవాడు.

కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఇదొక పిచ్చిలా ఉండేది. పాతవాళ్ళకి మాత్రం కారణం తెలుసు. తుఫానుకి పడవల్ని సముద్రంలో ఉంచరు. ఏరు సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, గట్టు పక్కన వరసలుగా కడతారు. మొదటి పడవని గట్టు దిగువ మెట్టున ఉన్న రాతి గుంజలకి, రెండోదాన్ని మొదటిదానికి, మూడోదాన్ని రెండోదానికి. గాలికి ఒకదాన్నొకటి కుమ్ముకోకుండా మోకులు పొట్టిగా బిగిస్తారు. వరసకొక మనిషి పడవలోనే కాపలా ఉంటాడు. పోటుకి నీళ్ళు లేస్తే మోకు కాస్త వదలాలి, తగ్గితే మళ్ళీ లాగాలి. చెప్పుకోడానికి అంతే పని. కానీ ఒంటరిగా కూర్చున్నవాడికి, చుట్టూ గాలి ఊళలు పెడుతున్నప్పుడు, బుర్రలో ఎన్ని పురుగులు తొలుస్తాయో అనుభవించినవాడికే తెలుస్తుంది.

సరంగు తండ్రి రోజుల్లో అలాంటి కాపలావాడొకడు ప్రాణం మీది తీపితో తన వరస మోకులు కోసేశాడు. తెగిన వరస దాని దిగువనున్న వరస మీద పడింది, అది ఇంకో దాని మీద పడింది. గాలి తగ్గేసరికి రేవులో సగం పడవలు లేవు, వాటిలో కాపలా ఉన్నవాళ్ళూ లేరు. పోయినవాళ్ళలో సరంగు తండ్రి ఒకడు. కోసినవాడు మాత్రం ఈదుకుంటూ ఒడ్డుకి చేరి, నిక్షేపంగా ముసలివాడై పోయాడు. తండ్రి పోయేనాటికి సరంగుకి ఇంకా మీసాలు రాలేదు, తమ్ముడు పాలు తాగే పిల్లాడు.

అందుకే తన చేతికి రేవు పెత్తనం వచ్చిన రోజునే ఆయన ఆ రూలు పెట్టాడు. కాపలా మనిషి దగ్గర కత్తి ఉండకూడదు. ముడి వేసే చేతికి విప్పడమూ తెలిసుండాలి. తాడుకి కత్తి పెట్టినవాడు పక్కవాడి గొంతుకి పెట్టినట్టే అనేవాడు. ఆ మాట విని విని రేవులో కుక్కలకి కూడా కంఠతా వచ్చేసిందని తమ్ముడు నవ్వేవాడు.

తమ్ముణ్ణి అందరూ చిన్నోడు అనేవారు. పెళ్ళై, నెత్తి మీద జుట్టు పల్చబడుతున్నా చిన్నోడే. సరంగు వాణ్ణి తండ్రి లేని లోటు తెలియకుండా పెంచాడంటారు. నిజమే, కానీ తండ్రి పెట్టాల్సిన చివాట్లు కూడా లోటు లేకుండా పెట్టాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే రేవుని కట్టుకున్నానుగా, ఇంకో పెళ్ళామెందుకు అనేవాడు. తమ్ముడి ఇంట్లోనే ముందు గది ఆయనది. మరదలు ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తుంది, తక్కువ మాటల మనిషి. పొద్దున్నే వేడి టీ ఆయన తలుపు దగ్గర పెట్టి, గ్లాసు మీద మూత పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోతుంది. ఆ ఇంట్లో ఆయనకి కావలసిన మర్యాదంతా ఆ మూతలో ఉండేది.

ఈసారి తుఫానుకి పేరు కూడా పెట్టారు. పేరు పెట్టి పిలిస్తే మాట వింటుందనుకున్నారో ఏమో, రేడియోలో గంటగంటకీ ముద్దుగా ఆ పేరే చెబుతున్నారు. మనుషులు చాలక కాపలాకి పెద్దాయన్ని కూడా తీసుకోవాల్సి వచ్చింది. పెద్దాయనంటే మరదలి తండ్రి, చిన్నోడికి పిల్లనిచ్చిన మావయ్య. వలలు బాగుచేసే మనిషి. మోకాళ్ళు పట్టేశాయి, చెవులు సగమే పని చేస్తాయి, కానీ కాపలా అంటే వెనకడుగు వెయ్యడు. సరంగు ఆయన్ని అన్నిటికన్నా సురక్షితమైన చోటని కింది వరసలో ఉంచాడు. దాని పైన, ఎగువ వైపు వరసకి చిన్నోణ్ణి పెట్టాడు. మావా అల్లుళ్ళు ఒకరికొకరు కేకేసుకోవచ్చని ఆయన ఉద్దేశం.

తుఫాను ముందు రోజు మధ్యాహ్నం, కాపలావాళ్ళందరూ సంచులతో గట్టు మీద నిలబడ్డారు. సరంగు ఒక్కొక్క సంచీ తడిమి చూస్తున్నాడు. చిన్నోడి సంచీ దగ్గరకి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. సంచీలోంచి దిబ్బరొట్టె తీసి బరువు చూసి, సాగనంపడానికి వచ్చిన మరదలి వైపు తిరిగాడు.

"ఇదేంటి అమ్మాయ్, రొట్టె ఇంత బరువుంది? ఐసు కలిపి కాల్చావా?"

అందరూ నవ్వారు. సరంగు రొట్టెని విరిచాడు. లోపల గుడ్డలో చుట్టిన వంటింటి కత్తి ఉంది. ఇంకా గట్టిగా నవ్వారు. చిన్నోడు చేతులు పైకెత్తి, "అన్నయ్యా, నాకు నిజంగా తెలీదు. తెలిస్తే ఇంకాస్త బాగా దాచేవాణ్ణి" అన్నాడు.

మరదలు నవ్వలేదు. "రొట్టె కోసుకోడానికి పెట్టాను బావగారూ" అంది.

"చేత్తో తుంచుకోమను. పళ్ళు బాగానే ఉన్నాయిగా."

ఆమె ఒక అడుగు ముందుకి వచ్చి గొంతు తగ్గించింది. "ఎగువన వంతెన దగ్గరుండే మా ఫ్రెండు ఫోన్ చేసింది. కొండల్లో మొన్నటి నుంచి ఆగకుండా కురుస్తోందంట. ఏటికి ఒక్కసారిగా వరద దిగితే తడిసిన ముడులు విప్పే టైము ఉంటుందా? ఈ ఒక్కసారికి ఉంచండి. ఎవరికీ తెలియక్కర్లేదు."

ఆ మాట ఎవరూ లేనప్పుడు, ఇంట్లో, టీ గ్లాసు పక్కన చెప్పుంటే సరంగు ఆలోచించేవాడేమో. ఆయన మూర్ఖుడేం కాదు. కానీ రేవు రేవంతా చూస్తోంది. తన ఇంటి రొట్టెలోనే కత్తి దొరికింది. ఇప్పుడు వదిలేస్తే రేపు ఎవడి సంచీ తడమడానికి తనకి మొహం ఉంటుంది?

"తుఫాను సముద్రం మీంచి వస్తుందమ్మా, కొండల మీంచి కాదు" అన్నాడు, అందరికీ వినిపించేలా. "నా తమ్ముడికొక రూలు, ఊరికొక రూలు పెట్టమంటావా?"

శభాష్ అన్నట్టు చూశారు నలుగురూ. ఆ చూపు ఆయనకి తియ్యగానే ఉంది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉంది. కత్తిని ఇనప్పెట్టెలో పడేశాడు. విరిగిన రొట్టె ముక్కల్ని చిన్నోడు ఏరుకుని సంచీలో పెట్టుకున్నాడు. మరదలు మొగుడి కాలరు సరిచేసి, తండ్రి కోటు గుండీలు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఐసు ఫ్యాక్టరీ వైపు వెళ్ళిపోయింది. తుఫాను రోజుల్లో అక్కడి అమోనియా గొట్టాల దగ్గర మనిషి ఉండి తీరాలి.

మర్నాడు వెలుతురు రావడంతోటే గాలి మొదలైంది. సరంగు రేవు ఆఫీసు మేడ మీద, సముద్రం వైపు కిటికీ దగ్గర, చేతిలో వాకీటాకీతో నిలబడ్డాడు. ఆ గదికి ఏటివైపు కూడా ఒక కిటికీ ఉంది. దానికి అడ్డంగా ఎప్పుడో బీరువా పెట్టేశారు. ఆ రేవులో మనుషులందరి సంగతీ అంతే. ఏరంటే వాళ్ళకి పెరటి గుమ్మం లాంటిది, చాటుగా వెళ్ళి పడవలు కట్టుకునే చోటు. భయమైనా భక్తైనా అంతా సముద్రం మీదే.

గాలి రేకుల్ని ఎగరగొట్టింది. కరెంటు స్తంభాలు వంగి, తర్వాత పడుకున్నాయి. కెరటాలు బయటి గోడ దాటి బజార్లోకి వచ్చాయి. సరంగు ఒక్కొక్క వరసనీ పేరుపేరునా పలకరిస్తూనే ఉన్నాడు. మోకు వదలండి, చాలు, ఇప్పుడు లాగండి. చిన్నోడి వంతు వచ్చినప్పుడల్లా వాడొక ముక్క తగిలించేవాడు.

"పడవ భలే ఊపుతోంది అన్నయ్యా. మా ఆవిడ నిద్ర లేపినట్టే ఉంది. కాకపోతే ఇది తిట్టడం లేదు."

"వాగింది చాలు. మావయ్యగారు ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు? చెవులు వినబడవుగా, తుఫాను వచ్చిన సంగతి ఇంకా తెలీదు ఆయనకి."

సరంగు నవ్వలేదు గాని, సెట్టు పెట్టేశాక మీసం కింద పెదవి కదిలింది.

మధ్యాహ్నం దాటాక గాలి తగ్గుముఖం పట్టింది. ఒక్క వరస తెగలేదు. ఒక్క పడవ పోలేదు. పక్క రేవుల్లో పడవలు కొబ్బరి చిప్పల్లా బోర్లాపడ్డాయని ఫోన్లు వస్తుంటే, ఇక్కడ జనం మెట్లెక్కి వచ్చి సరంగు చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. ఎవరో పెద్ద కెటిల్‌తో టీ తెచ్చారు. మిగతా వరసల కాపలావాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కి వచ్చారు. పెద్దాయన మాత్రం రాలేదు. ఒకసారి దిగితే ఈ మోకాళ్ళతో మళ్ళీ ఎక్కలేనన్నాడు. ముసలాయన్ని ఒంటరిగా వదిలి తానొక్కడూ టీ తాగడం బాగుండదని చిన్నోడు కూడా ఉండిపోయాడు.

అదే సమయంలో ఎగువ వంతెన కాపలాదారు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఏరు బాగా లేచింది, వంతెన కింది దూలం కనపడ్డం లేదు, చెట్లు కొట్టుకొస్తున్నాయి, జాగ్రత్త అన్నాడు. సరంగు సరే అన్నాడు. ప్రతి తుఫానుకీ ఏరు లేస్తుంది, లేచిన నీళ్ళు సముద్రంలోకి పోతాయి, అది మామూలే. ఆయన మర్చిపోయింది ఒక్కటే. గాలి తోసుకొచ్చిన సముద్రం ఇంకా వెనక్కి పోలేదు. దాని కడుపు నిండుగా ఉంది. ఏరు తెచ్చి పోసినా అది మింగదు. వెళ్ళడానికి దారి లేని నీళ్ళు రేవులోనే నిలబడి లేస్తాయి. ఇది తెలియని విషయమేం కాదు. అప్పుడు గుర్తు రాలేదు, అంతే. ఆయన చేతిలో టీ వేడిగా ఉంది, భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది.

ముందు వినిపించింది చప్పుడు. గాలి చప్పుడు కాదు, రాళ్ళు రుబ్బుతున్నట్టు లోతుగా వస్తోంది. సరంగు గ్లాసు కింద పెట్టి మెట్లు దిగేసరికి గట్టు మీద చీలమండల దాకా నీళ్ళున్నాయి. ఎర్రటి నీళ్ళు. ఏటి మీద వేళ్ళతో సహా చెట్లు, ఒక పశువుల కొట్టం కప్పు, తలుపులు, చచ్చిన గొర్రెలు వస్తున్నాయి. వచ్చినవన్నీ నేరుగా పోయి చిన్నోడున్న పై వరసకి తగులుకుంటున్నాయి, అక్కడే పేరుకుంటున్నాయి.

వాకీటాకీలో చిన్నోడి గొంతు వినిపించింది. ఈసారి అందులో ఆట లేదు.

"అన్నయ్యా, గట్టు మోకులు వదలడం లేదు. ముడులన్నీ రాయైపోయాయి. నీళ్ళు లేస్తున్నాయి, మోకులు పొట్టిగా ఉన్నాయి, పడవ గట్టువైపు మునుగుతోంది. కత్తి కావాలి."

"వస్తున్నా."

ఆ వయసులో మనిషి అలా పరిగెత్తగలడని ఎవరూ అనుకోరు. షెడ్డులో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఇనప్పెట్టె వాటి అడుగున ఉంది. తాళంచెవి బెల్టుకే ఉంది గాని, తాళంకప్ప నీళ్ళ కింద చేతికి అందీ అందనట్టు ఆడింది. వేళ్ళు చీరుకుపోయాయి. మూత తీసి, మొదట తగిలిన వల కత్తి తీసుకుని, పడవ మీదికి విసరడానికి వాడే సన్నతాడు చివర కట్టుకుంటూనే గట్టు మీదికి వచ్చాడు. ముడి వేసేటప్పుడు ఆయన చెయ్యి వణకలేదు. ముడి దగ్గర ఆ చెయ్యి ఎప్పుడూ వణకలేదు.

చిన్నోడు మొదటి పడవ మీదే ఉన్నాడు. పడవ గట్టువైపుకి బాగా ఒరిగిపోయింది. వాడు రెండు కాళ్ళూ అంచుకి తన్నిపెట్టి, రెండు చేతులతో ముడిని పెకలిస్తున్నాడు. పడవకీ గట్టుకీ మధ్య నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి, దాటడానికి మనిషి తరం కాదు. మోకులు కట్టిన రాతి గుంజలు ఆ సుడుల అడుగున ఉన్నాయి, గట్టు మీంచి మోకు కోద్దామన్నా అందదు. కానీ కత్తి విసరడానికి దూరమేం కాదు. సరంగు చెయ్యి ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా కిందికి చూశాడు. కింది వరసలో, క్యాబిన్ గుమ్మం పట్టుకుని, పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఏం జరుగుతోందో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

మోకులు తెగిన మరుక్షణం పై వరస మొత్తం, పేరుకున్న చెట్లతో సహా, ఆ ముసలాయన మీద పడుతుంది. సరంగు ఆ దృశ్యం ఒకసారి చూసి ఉన్నాడు. చిన్నప్పుడు ఇదే గట్టు మీద నిలబడి, తల్లి చెయ్యి పట్టుకుని చూశాడు.

చెయ్యి దించాడు.

"మావయ్యని దింపండి" అని అరిచాడు. టీ తాగుతున్నవాళ్ళంతా అప్పటికే దిగొచ్చారు. ఒక చెక్క వేశారు, నీళ్ళు దాన్ని లాక్కుపోయాయి. ఇంకోటి తెచ్చారు. పెద్దాయన తన సెట్టు క్యాబిన్లోనే వదిలేసి అంచు దాకా వచ్చి, మోకాలు ఎత్తబోయి, ఎత్తలేక, మళ్ళీ వెనక్కి జరిగాడు.

"అన్నయ్యా, విసురు" అంది సెట్టు.

"కింద మావయ్య ఉన్నారు రా. దిగుతున్నారు. కాసేపు ఓర్చుకో."

"తెలుసు. ఆయన దిగేదాకా కొయ్యను. ముందు నా చేతికివ్వు."

సరంగు కళ్ళు కింది వరస మీదే ఉన్నాయి.

"నీ మీదొట్టు అన్నయ్యా, కొయ్యను. కత్తి నా చేతిలో ఉంటే చాలు. ఆయన గట్టెక్కిన వెంటనే కోస్తా. విసురు."

ఆ మాటల్లో న్యాయం లేదని ఎవరూ అనలేరు. తమ్ముడు మాట తప్పేవాడు కాదు, అది పెంచినవాడికన్నా ఎవరికి బాగా తెలుసు? కానీ సరంగుకి ఆ క్షణంలో తమ్ముడు కనిపించలేదు. మునిగిపోతున్న పడవలో, చేతిలో కత్తి ఉన్న మనిషి కనిపించాడు. అలాంటి మనిషి ఎవడైనా కోస్తాడు. ఒట్లు పెట్టినవాడూ కోస్తాడు, పెట్టనివాడూ కోస్తాడు. ఆయన జీవితమంతా నమ్మింది ఆ ఒక్క సంగతినే. పిడికిట్లో కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇద్దరు మనుషులు నడుముల దాకా నీళ్ళలోకి దిగి పెద్దాయన్ని చంకల కింద చేతులు వేసి లాగారు. ఆయన పాదం గట్టు రాయికి తగలడం చూశాకే సరంగు విసిరాడు. గురి తప్పలేదు. చిన్నోడు తాడు అందుకున్నాడు, కత్తి లాక్కున్నాడు, అన్నయ్య వైపు ఒక్క చూపైనా చూడకుండా మోకు మీదికి వంగాడు. ఒక మోకు తెగింది. రెండోది సగం తెగింది. అప్పుడు పడవ గట్టువైపు అంచు మీదుగా నీళ్ళు లోపలికి దిగి, పక్కనున్న పడవ దీని మీదికెక్కింది. వాడు ఆ రెంటి మధ్యకి పోయాడు. కేక కూడా వినిపించలేదు.

మిగిలిన మోకులు వాటంతటవే తెగాయి. పై వరస కింది వరస మీద పడింది. పెద్దాయన నిలబడిన క్యాబిన్ ముక్కలై, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు కొట్టుకుపోయింది. ఇంకాసేపు ఆయన అక్కడే ఉంటే ఏమయ్యేదో గట్టు మీదున్న అందరూ కళ్ళారా చూశారు. అప్పటికప్పుడే ఒకడు, "సరంగు కత్తి ఇవ్వకుండా ఆగబట్టి పెద్దాయన బతికాడు" అన్నాడు. వాడు మంచికే అన్నాడు. సరంగు వాడి వైపు చూసిన చూపుకి వాడు నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నాడు.

చీకటి పడేలోపు దొరుకుతాడేమోనని గట్టంతా తిరిగారు. ఇసుకతిన్నె దాకా తాళ్ళు కట్టుకుని వెళ్ళారు. దొరకలేదు. ఏరు ఇంకా పోటు మీదే ఉంది, ఇక వెళ్ళడం మరో మనిషిని పోగొట్టుకోవడమే అన్నారు. అందరూ మళ్ళీ ఆఫీసు మేడెక్కారు. ఎవరో లాంతరు వెలిగించారు. పెద్దాయన గోడ వారన దుప్పటి కప్పుకుని కూర్చుని, వచ్చినవాణ్ణల్లా అడుగుతున్నాడు.

"నన్నెందుకు దింపారురా? వాడికి ఇవ్వాల్సిన టైము నాకెందుకిచ్చారు? నేను బతికి ఎవరిని ఉద్ధరించాలి? వాడు నన్ను చూశాడా, ఏమన్నా అన్నాడా?"

వాడేమన్నాడో ఎవరికీ తెలీదు. వాళ్ళంతా చెక్క దగ్గర, నీళ్ళ హోరులో ఉన్నారు. సెట్టు సరంగు చేతిలోనే ఉంది.

మరదలు వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి నడుముల్లోతు నీళ్ళలో నడిచి వచ్చినట్టుంది, బట్టలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. అందరూ లేచి దారిచ్చారు. తండ్రి చేతులు చాచాడు. ఆమె ఆయన తల మీద ఒకసారి చెయ్యి వేసి, ఆగకుండా సరంగు దగ్గరకి వచ్చింది.

"కాస్త ఇలా రండి బావగారూ."

ఇద్దరూ మెట్ల మీదికి వచ్చారు. తలుపు దగ్గరకి వేసింది. కింద చీకట్లో నీళ్ళు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. సరంగు ఆమె మొహంలోకి చూడలేక ఆమె చేతుల వైపు చూశాడు. అవి ఏమీ చెయ్యడం లేదు. రోజూ ఏదో ఒక పని చేస్తూ ఉండే చేతులు.

"చివరికి మీ తమ్ముడు ఏమన్నాడు?" అని అడిగింది.

అప్పటిదాకా సరంగు అబద్ధమాడాలనుకోలేదు. ఆ మాటకొస్తే ఏమీ అనుకోలేదు, ఒళ్ళంతా మొద్దుబారిపోయి ఉంది. కానీ ఆమె అడిగేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. అది తనని తాను కాపాడుకోడానికో, ఆమెకి కాస్త ఊరట ఇవ్వడానికో, అప్పుడూ తెలియలేదు, తర్వాత కూడా ఆయనకి తేలలేదు.

"ముందు మావయ్యని దింపు అన్నయ్యా అన్నాడు. నా సంగతి తర్వాత చూద్దువు గాని, ఆయన్ని దింపు అన్నాడు."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"ఫ్యాక్టరీలో సెట్టు ఉంది బావగారూ. పడవలు ఎప్పుడొస్తున్నాయో తెలియడానికి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. పొద్దున్నించీ దాని పక్కనే కూర్చున్నాను."

సరంగు గోడ పట్టుకున్నాడు.

"నాన్న దిగేదాకా కొయ్యనన్నాడు. మీ మీద ఒట్టేశాడు. నాకు వినిపించింది. మీ తమ్ముడు కొయ్యడని నాకు తెలుసు. ఎవరినడిగినా చెబుతారు." ఆమె గొంతు పెరగలేదు, పగలలేదు. "మీరొక్కరే నమ్మలేదు."

ఏదో అనాలని ఆయన చాలా ప్రయత్నించాడు. నాన్న అనబోయాడు, రూలు అనబోయాడు. ఆఖరికి, "అవునమ్మా, నమ్మలేదు" అన్నాడు. అనగానే మెట్టు మీద కూలబడ్డాడు. పెద్దవాడినన్న సంగతి మర్చిపోయి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, ఆమె ముందే ఏడ్చాడు.

ఆమె ఆయన్ని ఓదార్చలేదు. ఏడవడం అయ్యేదాకా మాత్రం నిలబడింది. లోపల గదిలోంచి ముసలాయన గొంతు మళ్ళీ వినిపించింది, వాడు నన్ను చూశాడా, ఏమన్నాడో ఎవరైనా చెప్పండిరా అని.

ఆమె తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"లేవండి" అంది. "మా నాన్నకి మీరు నాతో ముందు చెప్పిందే చెప్పండి."